ఉక్కునగరంలో లవెండరు

లవెండరు అన్న మాటను ఎరుగని తెలుగు గృహస్థు ఈనాడు అరుదు. ముఖానికి పూసుకొనే పౌడరు డబ్బా మీదనో, సబ్బుబిళ్ల కాగితం మీదనో, అగరువత్తుల పొట్లం మీదనో ఆ పేరు కనబడుతూనే ఉంటుంది. కొందరికి అది ఒక రంగు పేరు; చీరల దుకాణంలో లేత ఊదాకు, లేత నీలానికి నడుమ ఉన్న ఛాయను చూపించి లవెండరు రంగు అంటారు. పేరు ఇంత పరిచితమైనా, ఆ మొక్కను కంటితో చూచినవారు, దాని ఆకును నలిపి వాసన చూచినవారు మనలో మిక్కిలి తక్కువ. పేరు ముందు వచ్చినది. పరిమళం సీసాలో వచ్చినది. మొక్క మాత్రం గడప దగ్గరనే నిలిచిపోయినది.

దాని చరిత్రను ఫ్రాన్సులోని ప్రొవాన్సు కొండల నుంచో, ఇంగ్లండులో ఒకప్పుడు లవెండరు పొలాలకు పేరుపొందిన మిచం గ్రామం నుంచో మొదలుపెట్టడం వాడుక. నేను భిలాయి నుంచి మొదలుపెడుతున్నాను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో దుర్గ్ జిల్లాలోని ఈ ఉక్కునగరం తోటలను ప్రేమించే ఊరు. చలికాలం రాగానే సెక్టర్లలోని ఇళ్ల ముందు గులాబీలు, చామంతులు, డేలియాలు పోటీపడి పూస్తాయి. మైత్రీబాగ్‌లో పుష్పప్రదర్శన జరుగుతుంది. బొమ్మలలో ఊదారంగు పొలాలను చూచి మనసుపడిన గృహస్థు ఒక విత్తనాల పొట్లం తెప్పించి, ఇది ఇక్కడ పెరుగుతుందా అని అడగడం సహజం. ప్రశ్న చిన్నదే. సమాధానం వెదుకుతూ పోతే మాత్రం హైదరాబాదు హకీములను, మోటుపల్లి రేవును, సామర్లకోట తోటను, చివరకు ఇనుప కొలుములను కూడా పలకరించవలసి వస్తుంది.

భిలాయి పుట్టుక అందరికీ తెలిసినదే కనుక దానిని క్లుప్తంగా చెప్పుతాను. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. తొలిదశలో ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు లక్ష్యం. దల్లీ-రాజ్‌హరా కొండల నుంచి ఖనిజం, నందినీ గనుల నుంచి సున్నపురాయి, తాండులా జలాశయం నుంచి నీరు, దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చి చేరినారు. వరిపొలాల నడుమ వెలసిన ఆ నగరం అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైనది. ఇండో-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో వెలసిన తోటకే మైత్రీబాగ్ అని పేరు. ఉక్కు కర్మాగారం జ్ఞాపకార్థం స్తంభం నిలుపుకోవడం ఎక్కడైనా ఉన్నదే. తోట వేసుకోవడం నాకు ఎక్కువ నచ్చినది.

తెలుగువారికి ఇక్కడికి రావడానికి దారి ముందే వేసి ఉన్నది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూరుకు పోయే రైలుమార్గం 1931లోనే పూర్తి అయినది. ఉత్తర కోస్తా జిల్లాల నుంచి కూలీలు, మేస్త్రీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు, ఇంజనీర్లు ఆ దారిని వచ్చి భిలాయిలో కుదురుకొన్నారు. ఖుర్సీపార్‌లో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడినవి. సెక్టరు 5లోని బాలాజీ దేవాలయాన్ని నడిపే సంస్థ పేరు ఆంధ్ర సాహిత్య సమితి. సాహిత్య సమితి గుడిని నడపడం ప్రవాసంలోనే సాధ్యమేమో! అక్కడ భాషకు, దైవానికి ఒకే గడప చాలుతుంది. ఆ గడపలోకి మూడవదిగా పూలు వస్తాయి. గుడి ఉన్నచోట మాల కావాలి. మాల అంటే తెలుగువారికి వట్టి పూలు చాలవు. మల్లెల నడుమ మరువం, కనకాంబరాల నడుమ దవనం పడితేనే అది కదంబం అవుతుంది. పూలలో ఆకును కలిపి కట్టి, ఆ ఆకువాసనను పూలవాసనతో సమానంగా గౌరవించిన జాతి మనది. లవెండరును అర్థం చేసుకోవడానికి ఇది మంచి అర్హత. లవెండరులో పువ్వు ఎంత పరిమళిస్తుందో ఆకు కూడా ఇంచుమించు అంత పరిమళిస్తుంది.

లవెండరు తులసి కుటుంబపు మొక్క. నాలుగు పలకల కాండం, రెండు పెదవులుగా చీలిన చిన్న పువ్వు, ఆకు మీద కంటికి ఆనని తైలగ్రంథులు ఆ కుటుంబపు లక్షణాలు. తులసి, మరువం, పుదీనా, రుద్రజడ, పెరటిలో వాము ఆకు అని పెంచుకొనే కర్పూరవల్లి దీనికి జ్ఞాతులు. టిం అప్సన్, సూసన్ ఆండ్రూస్ అన్న ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు 2004లో ప్రచురించిన బృహద్గ్రంథంలో ఈ ప్రజాతిలో 39 జాతులను వివరించినారు. వాటిలో సెంటుకు, తైలానికి మేలైనదిగా పేరుపడినది ఇంగ్లీషు లవెండరు. పేరులో ఇంగ్లండు ఉన్నదే గాని దాని పుట్టినిల్లు దక్షిణ ఐరోపా కొండలు. ఆ తైలంలో ముఖ్యమైన ద్రవ్యాలలో ఒకటి లినలూల్. ఇదే ద్రవ్యం మన ధనియాల తైలంలో అధికభాగం. వంటింట్లో ధనియాలు వేయించేటప్పుడు లేచే వాసనలో కారాన్ని, ఘాటును తీసివేసి ఊహిస్తే మిగిలే తీపిపాలు లవెండరుకు దూరపు చుట్టమే.

ఆ మొక్కకు భిలాయి ఎందుకు సరిపడదో చెప్పడం కష్టం కాదు. మధ్యధరా తీరాన వేసవి పొడిగా ఉంటుంది. వాన చలికాలంలో పడుతుంది. లవెండరు ఆ క్రమానికి తగినట్లుగా తన దేహాన్ని దిద్దుకొన్నది. ఆకు సన్నగా, బూడిదరంగు నూగుతో ఉంటుంది. వేరు రాతి సందులలో నీటికోసం లోతుకు పోతుంది. ఎండకు అది భయపడదు. తడిసిన వేరుకు వేడి తగలడం దాని ప్రాణం మీదికి తెస్తుంది. భిలాయిలో మే నెల ఎండ 45 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరువగా పోయి, ఆ వెంటనే జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఏడాది వానలో అధికభాగం కురుస్తుంది. నేల ఆవిరులు కక్కుతూ, గాలి కదలక, వారాల తరబడి ఆకు ఆరని ఆ శ్రావణ భాద్రపదాలలో లవెండరు మొదలు నల్లబడి కుళ్లుతుంది. నవంబరులో నాటి, ఫిబ్రవరిలో పూత చూచి మురిసిన మొక్క మరుసటి దసరాకు ఉండదు. చామంతిని పెంచినట్లు ఏటా కొత్త మొక్క తెచ్చుకొనేవారికి ఇది పెద్ద నష్టం కాదు. అయితే లవెండరు స్వభావం అది కాదు. ఏండ్ల తరబడి ఒకచోట నిలిచి పొదగా అల్లుకోవలసిన మొక్క అది.

ఇక చరిత్రకు వద్దాము. లవెండరు మన దేశానికి ఇంగ్లీషువారితో వచ్చినదని చాలామంది తలుస్తారు. సీసాలోని అత్తరునీరుకు ఆ మాట నిజం కావచ్చును. ద్రవ్యానికి నిజం కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ తన ఓషధి గ్రంథంలో స్టోయికాస్ అనే మొక్కను వర్ణించినాడు. గాల్ దేశపు తీరాన, మార్సేల్స్‌కు సమీపంలో ఉన్న స్టోయికాడీస్ దీవులలో పుట్టడం వల్ల దానికి ఆ పేరు వచ్చినదని వ్రాసినాడు. అది లవెండరు జాతులలో ఒకటి. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, అతని సహచరులు డయోస్కోరిడీస్ గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చినారు. ఆ గ్రీకు మాటే అరబ్బీ నాలుక మీద నలిగి ఉస్తుఖుద్దూస్ అయినది. యునానీ వైద్యులు దానిని మెదడు మాంద్యానికి, శిరోభారానికి, కఫదోషానికి వాడినారు. మెదడును ఊడ్చే చీపురు అని దానికి ఒక ముద్దుపేరు కూడా పెట్టినారు. ఆ పేరు పెట్టినవాడు కవి కాకపోయినా కవికి దగ్గరివాడే.

ఉత్తరాది దర్బారులతోపాటు బహమనీ, కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ పాలకుల కాలాలలో యునానీ వైద్యం దక్కనులో వేళ్లూనినది. ఇప్పటికీ చార్మినారు పరిసరాలలోని మూలికల దుకాణంలో ఉస్తుఖుద్దూస్ అని అడిగితే, ఎండిన పూగుత్తులను కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. త్రిఫలాది ద్రవ్యాలతో కలిపి చేసే ఇత్రీఫల్ ఉస్తుఖుద్దూస్ యునానీ వైద్యంలో ప్రసిద్ధమైన లేహ్యం. ఆ పేరులోని ఇత్రీఫల్ మన త్రిఫలమే. భారతీయమైన కరక్కాయ, ఉసిరికాయ, తానికాయలు గాల్ తీరపు దీవుల పువ్వుతో కలిసి, అరబ్బీ పేరు పెట్టుకొని, తెలుగునేల మీద రోగి నాలుకను చేరడం చిన్న విశేషం కాదు. అందుచేత హైదరాబాదులో లవెండరు శతాబ్దాలనాటి పాతకాపు. దానిని మందుగా నాలుకతో ఎరిగిన తాతలు ఉన్నారు. పొడరుగా ముక్కుతో ఎరిగిన మనుమలు ఉన్నారు. ఆ రెండూ ఒకే ప్రజాతి అని ఇద్దరికీ తెలియదు.

సుగంధద్రవ్యాలను దూరదేశాల నుంచి తెప్పించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనంలో గంధం, కర్పూరం, పన్నీరు వంటి సరకుల మీద ఎంత సుంకమో నిర్ణయించినాడు. కొండవీటి కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. ఆయన వసంతోత్సవాలకు పరిమళద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చినది ఆ తిప్పయ్యకే. సెంటువ్యాపారికి కావ్యం అంకితమిచ్చిన కవి మరెక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, అక్కడ గులాబీల అమ్మకం ఎంత విరివిగా ఉన్నదో వర్ణిస్తూ, ఆ నగరవాసులకు అన్నమెంతో పూలు అంత అన్న అర్థం వచ్చేటట్లు వ్రాసినాడు. ఇంత పరిమళప్రియులైన జనం లవెండరు మొక్కను ఎందుకు తెచ్చుకోలేదు?

దీనికి సమాధానం మరువంలో ఉన్నదని నా అభిప్రాయం. మరువం కూడా మధ్యధరా ప్రాంతపు తూర్పుతీరాన పుట్టినదే. లవెండరుకు కుటుంబంలో జ్ఞాతి. సంస్కృతంలో మరువకమన్న పేరు పొంది, తెలుగువారి జడలోకి, దేవుని మెడలోకి వచ్చి, తనది పరాయిదేశమన్న మాటే మరపించినది. అది పచ్చని మొక్కగా వచ్చినది. పచ్చిగా ఉన్నప్పుడే కోసి మాలలో కట్టవలసిన అవసరం దానిని ఊరి పక్క తోటలో నిలిపినది. లవెండరు ఎండిన పొట్లంగా వచ్చినది. ఎండిన పూగుత్తి మందుకు చాలును గనుక, బతికిన మొక్కకోసం ఎవరూ శ్రమపడలేదు. వాతావరణం కూడా ఈ తీర్పును సమర్థించినది. మరువం కొమ్మను చలికాలంలో నాటితే సులభంగా అంటుకొంటుంది. వేసవి వానలకు పోయినా మరొక కొమ్మ పొరుగింట దొరుకుతుంది. ఇచ్చిపుచ్చుకోవడంలో బతికిన మొక్క అది.

ఇంగ్లీషువారి కాలంలో లవెండరు మరొకమారు వచ్చినది, ఈసారి సీసాలో. 1770లో లండనులో మొదలైన యార్డ్లీ వంటి కంపెనీల సరకులు రేవుపట్టణాల దుకాణాలకు చేరి, దొరల బల్లల మీది నుంచి ప్లీడర్ల చేతిరుమాళ్లకు, అక్కడి నుంచి పెండ్లికూతురి పెట్టెకు దిగివచ్చినవి. దీనిలో చెప్పుకోవలసినంత విశేషం లేదు.

విశేషం మరొకచోట ఉన్నది. లవెండరులో మన దేశానికే చెందిన జాతులు రెండు ఉన్నవి. ఒకటి పశ్చిమ కనుమలకు చెందినది. బొంబాయి రాజధానిలో అడవుల అధికారిగా పనిచేసిన అలెగ్జాండర్ గిబ్సన్ పేరు దానికి పెట్టినారు. రెండవది అంతకంటె విరివిగా దక్కను పీఠభూమిలోను, మధ్యభారతంలోను రాతినేలల మీద, గడ్డి నడుమ, వానలు వెనుకపట్టిన తరువాత పూస్తుంది. ఆకు రెండుమార్లు చీలి, దువ్వెనపండ్లవలె సన్నని తునకలై ఉంటుంది కనుక శాస్త్రజ్ఞులు లవండ్యులా బైపిన్నాటా అన్నారు. పొడవాటి కాడ చివర సన్నని కంకులు. వాటి మీద తెలుపు కలిసిన లేత నీలిపూలు. ప్రొవాన్సు మొక్కవలె తైలానికి పనికిరాలేదు గనుక వర్తకులు దానిని పట్టించుకోలేదు. పశువులు మేసే బీళ్లలో, తోవ పక్కన నిలిచి పూచి ఎండిపోవడం దాని వ్రాత.

ఈ నిరుపేద లవెండరును శాస్త్రానికి పరిచయం చేసినది 1821లో జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బ్రెహ్ట్ విల్హెల్మ్ రోత్ ప్రచురించిన గ్రంథం. రోత్ భారతదేశానికి వచ్చినవాడు కాడు. బెంజమిన్ హేన్ అనే వైద్యుడు ఇక్కడ సేకరించిన ఎండుమొక్కలే ఆ గ్రంథానికి ఆధారమని గ్రంథం పేరులోనే చెప్పినాడు. రోత్ దానిని మరొక ప్రజాతిలో చేర్చగా, 1891లో ఓటో కుంట్సే లవెండరు ప్రజాతికి మార్చినాడు. శాస్త్రనామాల తగవులు మనకు వద్దు. హేన్ సంగతి మాత్రం కావాలి.

హేన్ సాక్సనీ దేశస్థుడు. క్రైస్తవ ప్రచారకుడుగా తరంగంబాడికి వచ్చి, వైద్యము, వృక్షశాస్త్రము వృత్తిగా చేసుకొని ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరినాడు. గోదావరీ మండలంలోని సామర్లకోటలో విలియం రాక్స్‌బరో మిరియాలు, నీలిమందు, చెరకు మొదలైనవాటితో ప్రయోగాలు చేసిన తోట ఉండేది. కోరమాండల్ తీరపు మొక్కలను అందమైన చిత్రపటాలతో లోకానికి చూపిన రాక్స్‌బరో ఆ బొమ్మలకు పునాది వేసుకొన్నది తెలుగునేల మీదనే. 1793లో ఆయన కలకత్తా తోటకు పోగా, సామర్లకోట పని హేన్ చేతికి వచ్చినది. తరువాత బెంగుళూరులోను పనిచేసి, 1819లో మద్రాసులో చనిపోయినాడు. ఆయన సేకరించిన మొక్కల పుస్తకం వెలువడేనాటికి ఆయన లేడు.

ఈ హేనే 1814లో భారతదేశాన్ని గురించి ఒక వ్యాససంపుటిని ప్రచురించినాడు. దానిలో తెలుగుదేశపు గనులు, వజ్రాలు, వృత్తులు వర్ణితమైనవి. అంతకుముందు, 1795లో, నూజివీడు ప్రాంతంలోని రమణక్కపేటకు పోయి, అక్కడి ఇనుము కొలుములను చూచి ఒక నివేదిక వ్రాసినాడు. ఖనిజం ఎక్కడిది, బొగ్గు ఎట్లా వేస్తారు, తిత్తులు ఎట్లా ఊదుతారు అని ఓపికగా పరిశీలించిన ఆ రచనను గాంధేయవాది ధరంపాల్ 1971లో తాను కూర్చిన భారతీయ శాస్త్రవిజ్ఞాన సంపుటంలో తిరిగి వెలుగులోకి తెచ్చినాడు. ఒకే మనిషి తెలుగునేల మీద తిరుగుతూ ఒక చేత ఇనుము కరిగించే పద్ధతిని, మరొక చేత దారిపక్క మొక్కను పట్టుకొన్నాడు. ఉక్కును గురించి వ్రాసేవారు లవెండరును, లవెండరును గురించి వ్రాసేవారు ఉక్కును తలచరు గనుక ఈ రెండు కాగితాలు వేరువేరు బీరువాలలో ఉండిపోయినవి. భిలాయిలో నిలబడి చూచినప్పుడు అవి ఒకే బల్ల మీదికి వస్తాయి. ఛత్తీస్‌గఢ్ మండలానికి కూడా ఇటువంటి కొలుముల చరిత్ర ఉన్నది; అగరియా జాతి వారి ఇనుము పనిని వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పూర్తి గ్రంథంగా వ్రాసినాడు. రష్యను ఫర్నేసు రాకముందు ఆ నేల ఇనుము ఎరుగనిదేమీ కాదు.

అట్లే అది పరిమళం ఎరుగని నేల కూడా కాదు. వట్టివేరు తడికలు కట్టి, నీళ్లు చల్లి, వడగాలిని చల్లని సువాసనగా మార్చుకోవడం మధ్యభారతపు పాత అలవాటు. ఆ అడవులలో, బీళ్లలో పెరిగే రూసా గడ్డి నుంచి బట్టీలు పెట్టి తైలం తీసేవారు. గులాబీ వాసనకు దగ్గరి వాసనగల ఆ తైలం ఎంతో కాలంగా విదేశాలకు పోయినది. భిలాయి మొదటి ఫర్నేసు వెలిగిన 1959లోనే ఓషధి, సుగంధ మొక్కల పరిశోధనకు కేంద్రప్రభుత్వ సంస్థ వెలసినది. లక్నో కేంద్రంగా నేడు సీమాప్ అన్న పేరుతో పనిచేస్తున్న ఆ సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లో శాఖ ఉన్నది. రూసా వంటి గడ్డి మీద అది చేసిన పని మెట్టరైతుకు లవెండరు కలలకంటె అక్కరకు వచ్చేది.

లవెండరు పంటగా నిలిచినది జమ్మూ కొండలలో. అక్కడి ప్రయోగశాల ఆర్.ఆర్.ఎల్.-12 అన్న రకాన్ని రూపొందించినది. 2016లో మొదలైన అరోమా మిషన్ కింద దోడా జిల్లాలోని భదర్వా రైతులకు నారు పంచిపెట్టినది. మొక్కజొన్న వేసిన చెల్కలలో ఊదాకంకులు లేచినవి. భదర్వా సముద్రమట్టానికి సుమారు 1600 మీటర్ల ఎత్తున ఉన్నది. భిలాయి సుమారు 300 మీటర్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడకుండా మైదానపు రైతుకు లవెండరు సాగును బోధించేవారిని నమ్మరాదు. ఎకరం నేల, ఏడాది కష్టం పోగొట్టుకొనేది రైతే.

కుండీ మాట వేరు. ఒక ఇంటి గట్టు మీద, ఒక మనిషి శ్రద్ధకు లోబడి, భిలాయిలో లవెండరును నిలుపుకోవచ్చును. ఇంగ్లీషు లవెండరును వదలి, వేడిని కొంత ఓర్చుకొనే రంపపుటాకు లవెండరును ఎంచుకోవాలి. దాని ఆకు అంచు పొడుగునా చిన్న నొక్కులు ఉంటాయి. శాస్త్రనామంలో డెంటాటా అన్నది ఆ పండ్లవరుసను బట్టి వచ్చినదే. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగుగా చెప్పుతారు. కన్హార్ నల్లనేల, వరికి, గోధుమకు మంచిది, లవెండరుకు మృత్యువు. భాటా ఎర్రని మొరపనేల. పంటలకు పనికిరాదని ఈసడించినది. నీరు నిలువనీయని ఆ గరుసుమట్టిలో సగం ముతక ఇసుక, పిడికెడు సున్నపురాయి పొడి కలిపితే లవెండరుకు పుట్టింటి నేల జ్ఞాపకం వస్తుంది. ఎరువు ఎక్కువ వేయరాదు. బలిసిన లవెండరుకు వాసన తగ్గుతుంది. మట్టికుండీయే కావాలి, అది గోడల గుండా ఊపిరి తీసుకొంటుంది. వేలు గుచ్చి చూచి, మట్టి ఆరినదని తెలిసిన తరువాతనే నీరు పోయాలి.

వేసవిలో ఉదయపుటెండ తగిలే తూర్పు గోడవద్ద ఉంచి, మధ్యాహ్నం నీడ కల్పించాలి. మృగశిర కార్తె రాగానే చూరు కిందికి మార్చాలి; వానచినుకు పడకుండా, గాలి మాత్రం ఆడేటట్లు. ఈ నాలుగు నెలలు గడిపితే గండం గడిచినట్లే. విత్తనం మొలవడానికి చాలా తాత్సారం చేస్తుంది కనుక, కార్తికంలో లేతకొమ్మను గణుపు కింద కోసి ఇసుకలో గుచ్చడం మేలు. మరువం విషయంలో మన తల్లులు చేసిన పని అదే. పొరుగింటికి ఒక కొమ్మ ఇచ్చి ఉంచుకొంటే, తన మొక్క పోయిన ఏడు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చును. పూత అయిన తరువాత పచ్చని భాగం వరకే కత్తిరించాలి. మానుబారిన కొయ్యలోకి కత్తెర పోతే మళ్లీ చిగురించదు.

దీనికి తోడు దవనాన్ని పెంచవలెనని నా కోరిక. ప్రవాసంలో పుట్టిన తెలుగుపిల్లలలో లవెండరు అన్న మాట తెలిసి దవనం అన్న మాట తెలియనివారు నానాటికీ ఎక్కువవుతున్నారు. దవనం చామంతి కుటుంబానిది. దక్షిణభారతం దానిని తరతరాలుగా సాగుచేస్తున్నది. ప్రపంచపు సెంటుపరిశ్రమకు దవనతైలం ముఖ్యంగా మన దేశం నుంచే పోతుంది. చైత్రంలో దేవాలయాలలో జరిగే దమనోత్సవం దీనిదే. పూరీ జగన్నాథునికి దయణాచోరి అని దీనిని తోట నుంచి దొంగిలించి తెచ్చే వేడుక ఒకటి ఉన్నది. విత్తనం ఆవగింజకంటె ఎంతో చిన్నది. రెండురోజులు తడిగుడ్డలో కట్టి ఉంచి, ఇసుకతో కలిపి, నవంబరులో చల్లాలి. ఫిబ్రవరి-మార్చి నెలలలో చిన్న పసుపు మొగ్గలు వచ్చేసరికి వాసన నిండుకొంటుంది. భిలాయి చలికాలం దానికి ఏ విధంగానూ అడ్డురాదు.

లవెండరు కంకిని అడుగుపూలు విచ్చుకొని పైపూలు మొగ్గలుగా ఉన్నప్పుడే, మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందు కోయాలి. కట్టగట్టి నీడలో తలకిందుగా వ్రేలాడదీస్తే రంగు నిలుస్తుంది. బీరువాలో పట్టుచీరల నడుమ ఉంచితే చిమ్మటలు దూరంగా ఉంటాయి. దవనం ఎండినకొద్దీ వాసన చిక్కబడుతుంది. దానినీ చీరల మడతలలో పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. మాఘమాసపు పొద్దుటిపూట రెండు కుండీలను గట్టు మీద పక్కపక్కన ఉంచి, పిల్లలను పిలిచి, రెంటి ఆకులనూ నలిపి చూపవచ్చును. లవెండరును ముందు చూపాలి. దవనం ముందు ముట్టుకొంటే దాని వాసన వ్రేళ్లను వదలదు. తరువాత నలిపిన ఆకు ఏదైనా దవనంగానే తోస్తుంది.